బాలలక్ష్మి ప్రశ్నకు మొదటి బహుమతి

చదువుతోని మార్కులే వస్తయి, మనిషి ఎదగాల్నంటే చదువు పక్కకువెట్టి కొత్త కొత్త పనులు నేర్వాలె అని మంత్రి హనుమండ్లు సారు మా కాలేజీ మైకుల ప్రకటించిండు. ఇది వికాస వత్సరం అన్నడు. ప్రతి విద్యార్థి ఏదో ఒక క్లబ్బుల చేరుడు తప్పనిసరి. కాలేజీ గేటు ముంగట నాది జిరాక్సు దుకాణం. క్లబ్బుల ఫారాలన్నీ నా దగ్గరనే తీసిన్రు గనుక ఈ మహోద్యమంల నా చెయ్యి గూడ ఉన్నదని గర్వంగ చెప్పుకుంట.

మాది బోథ్ దిక్కు చిన్న సర్కారు డిగ్రీ కాలేజీ. ప్రిన్సిపాల్ పరశురాములు సారు ఆర్డర్ అందుడుతోనే క్లబ్బులు వెట్టిండు. ఈత క్లబ్బు పిల్లలు బెంచీల మీద బోర్ల పండుకొని చేతులు ఆడిస్తున్నరు. నీళ్లు రెండో విడతల శాంక్షన్ అయితయట. పర్వతారోహణ క్లబ్బు వాటర్ ట్యాంకు మెట్లు ఎక్కి దిగుతున్నది. యోగా క్లబ్బు నిద్రపోతున్నది. అందరికన్న క్రమశిక్షణ వాళ్లదేనని సారు మెచ్చుకున్నడు.

బాలలక్ష్మి బీఎస్సీ ఫైనలియర్. లెక్కల క్లాసుల మిగిలింది ఆ పిల్ల ఒక్కతే. లెక్కల సారు బదిలీ అయ్యి పోయినంక ఆ కుర్చీల ఎవ్వరూ కూసోలే. తండ్రి బుచ్చిరాములు పత్తి రైతు, బిడ్డ లెక్కల టీచరయితదని ఊరంత చెప్పుకున్నడు. పిల్ల మాత్రం మస్తు భయస్తురాలు. నా దుకాణానికొచ్చి రెండు కాపీలు కావాల్నంటే రెండు వేళ్లు చూపెట్టేది, నోరిప్పకపోయేది. అసొంటి పిల్లను, ఈత బెంచీలు నిండినయని డిబేట్ క్లబ్బుల ఏసిన్రు.

మొదట్ల స్టేజీ ఎక్కి మైకు ముట్టకుంటనే దిగొచ్చింది. ఇగ రోజూ ఖాళీ క్లాసుల నిలవడి, లెక్కల సారు కుర్చీతోనే మాట్లాడుకుంట ప్రాక్టీసు చేసింది. కొన్నాళ్లకు ఆ గొంతు గేటు దాటి నా దుకాణం దాక వినొచ్చింది.

పోటీలకు మంత్రిసారే జడ్జి. బాలలక్ష్మి మైకు వట్టుకొని ఒక్కటే అడిగింది.

"సార్, మాకు లెక్కల లెక్చరర్‌ను ఎప్పుడిస్తరు?"

ప్రిన్సిపాల్ సారు చెమట తుడుచుకున్నడు. మంత్రిసారు జరసేపు కండ్లు మూసుకొని, తెరిచి, చప్పట్లు కొట్టిండు.

"ఎప్పుడు అన్నకాడ గొంతు ఎంత బాగ లేపినవ్ బిడ్డా. ఇంకోసారి చెప్పు," అన్నడు.

ఇంకోసారి అడిగింది. ఈసారి కోపంగ. కోపం శాన సహజంగ వచ్చిందని సారు మొదటి బహుమతి ఇచ్చిండు. పిల్ల షీల్డు ముట్టకుంట, జవాబు చెప్పుమన్నది. సారు ధైర్యానికి ప్రత్యేక బహుమతి గూడ ప్రకటించిండు. బాలలక్ష్మి కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఆనంద బాష్పాలని పేపరోళ్లు ఫొటో తీసుకున్నరు.

ఇసొంటి ప్రశ్న ఒక్క కాలేజీకే దక్కుడు అన్యాయమని మంత్రిసారు జీపు ఏర్పాటు చేయించిండు. భైంసా, ఖానాపూర్, ఏడికి పోయినా అదే ప్రశ్న, అవే చప్పట్లు. మధ్యల బాలలక్ష్మి ఇగ పోనంటే బుచ్చిరాములే నచ్చజెప్పిండు. ఇన్ని ఊర్లల్ల అడిగితె ఎవలో ఒకలు జవాబు చెప్పరా అన్నడు పాపం. ఖానాపూర్‌ల ఆ పిల్ల స్టేజీ మీదనే కూసుండి, జవాబు వచ్చెదాక దిగనన్నది. ఉపన్యాసానికి అభినయం గూడ చేర్చిందని అక్కడి పెద్దలు శాలువా కప్పిన్రు.

టూరు ముగిసి వచ్చిన రోజు కాలేజీల సభ. నేను గూడ దుకాణం బందుజేసి పోయిన. పరశురాములు సారు రెండు శుభవార్తలు చెప్పిండు. క్లబ్బులల్ల మన కాలేజే జిల్లాకు ఫస్టు. అట్లనే, లెక్కల క్లాసుకు ఇన్ని దినాలు ఒక్కరు గూడ హాజరు కాలే గనుక, ఆ పోస్టు అవసరం లేదని సర్కారు రద్దు చేసింది. రెండింటికీ ఒక్కతీరుగ చప్పట్లు వడ్డయి.

బాలలక్ష్మి లేచి నిలవడ్డది. "సార్, ఆ క్లాసుల ఉన్నది నేనొక్కదాన్నే. నన్ను ఊర్లు తిప్పింది మీరే."

పరశురాములు సారు మైకును చేతితోని మూసి, కన్నతండ్రి లెక్క మెల్లగ చెప్పిండు.

"ఐతారం హైదరాబాద్‌ల రాష్ట్రస్థాయి పోటీ ఉన్నది బిడ్డా. గొంతు గిక్కడ ఖరాబ్ చేసుకోకు."