ఐస్ పెట్టె మీద కూర్చుని చూసిన ఆట

బేస్‌బాల్ ఆటను మైదానంలో ప్రత్యక్షంగా చూడడానికి అన్నిటికన్నా మంచి చోటు ఏది? బ్యాటర్ వెనక వరసలో మధ్య సీటు అంటారు అమాయకులు. వాళ్ళను చూసి జాలిపడతాను.

అసలైన చోటు గ్యాలరీ మెట్ల కింద, హాట్‌డాగ్ కొట్టు వెనక, ఐస్ పెట్టె మీద. చేతిలో ఫోన్ ఉండాలి. పైన ఆట జరిగిన అరనిమిషానికి గానీ అందులో బొమ్మ కదలకూడదు. అంతకు మించిన భోగం ఈ నెబ్రాస్కాలో లేదని మనవి చేస్తున్నాను.

ఎండ లేదు. దోమలు లేవు. ముందువాడి టోపీ అడ్డం రాదు. కింద చల్లగా ఉంటుంది, కాస్త ఎక్కువ చల్లగానే ఉంటుంది.

అన్నిటికన్నా గొప్ప వరం ఆ ఆలస్యం. పైన జనం కేక వేశారంటే మనవాడు అవుట్ చేశాడన్నమాట. నేను మీసాలకంటిన హాట్‌డాగ్ మీది ఆవాల ముద్ద తుడుచుకుని, తీరిగ్గా ఫోన్ చూస్తాను. పైవాళ్ళు గోళ్ళు కొరుక్కుంటుంటే నాకు ఫలితం ముందే తెలుసు. గుండెజబ్బు ఉన్నవాళ్ళకు డాక్టర్లు ఈ సంగతి ఎందుకు చెప్పరు?

ఈ జ్ఞానం నాకు కిందటి శుక్రవారం కలిగింది.

ఆ రోజు మా మనవడు కోల్బీ స్కూలు జట్టుకు ఆఖరి ఆట. వాడు పిచర్, అంటే బంతి విసిరేవాడు. వాడు బంతి పట్టిన నాటి నుంచీ నా సాయంత్రాలన్నీ ధాన్యం లారీ మీదే గడిచాయి. వాడు విసరగా ఒక్కసారీ చూడలేదు. ఈ వసంతంలో లారీ దిగాను. కొత్త టోపీ కొన్నాను, సీటు మీదకు కుషన్ కొన్నాను. మా ఆవిడ లొరీన్ పక్కన కుషన్ పెట్టి, ఆట మొదలయ్యే లోపల వచ్చేద్దామని హాట్‌డాగ్‌ల కోసం కిందికి దిగాను.

కొట్టు నడిపే డార్లా దగ్గర బన్నులు వేడిచేసే యంత్రం మొరాయించింది. రెండు హాట్‌డాగ్‌లు చేతికొచ్చేసరికి ఆటలోని ఏడు ఇన్నింగ్స్‌లో రెండు అయిపోయాయి. మెట్లెక్కబోతే మంగలి బర్ల్ దారికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. వాడి వీపు మా ఊరి ధాన్యం సైలో అంత వెడల్పు. వెనక నుంచి లొరీన్ చెయ్యి మాత్రం కనిపించింది, ట్రాఫిక్ పోలీసు చెయ్యిలాగా.

"అక్కడే ఆగు వెర్న్. పైకి రాకు."

"ఎందుకు? చల్లారిపోతున్నాయి."

"నువ్వు దిగాక అవతలివాళ్ళలో ఒక్కడూ బంతిని సరిగ్గా తాకలేదు. కిందే కూర్చుని తిను."

ఇక వాదన లేదు. ఒక పిచర్ ఆటంతా ఎవరికీ ఒక్క హిట్టూ, అంటే ఒక్క సరైన దెబ్బ కూడా, ఇవ్వకపోతే దానికో పేరుంది. అది జరుగుతుండగా, చెడిపోతుందని, ఆ పేరు ఎవరూ పలకరు. ఈ కాలమ్‌లో నేనూ రాయను. ఎక్కడున్నవాళ్ళు అక్కడే, ఎలా ఉన్నవాళ్ళు అలాగే ఉండాలి.

మా ఊరు మాట తప్పలేదు. బర్ల్ ఒంటికాలి మీద బరువు వేసి నిలబడ్డాడు కాబట్టి అలాగే నిలబడ్డాడు. లొరీన్ రుచి పోయిన చూయింగ్ గమ్‌నే నమిలింది. మా పాస్టరు బాత్‌రూమ్‌కు వెళ్ళాలనుకుని, వెళ్ళలేదు. బెంచీ మీద కోల్బీకి అమ్మవారు పోసినట్టు సాటి ఆటగాళ్ళందరూ వాడికి దూరంగా జరిగారు. ఇవన్నీ తర్వాత విన్నాను.

నేను చూసింది ఫోన్‌లో. లెక్కల మాస్టారు లైటు స్తంభానికి కట్టిన కెమెరా అది. అందులో మావాడు అగ్గిపుల్ల తలంత ఉన్నాడు. మధ్యమధ్య ట్రాక్టరు టైర్ల ప్రకటన. అయితేనేం? సాంకేతిక విజ్ఞానం లేకపోతే ఆ అగ్గిపుల్ల తలైనా దక్కేదా?

"పైకి వెళ్ళి ఒక్క బంతి చూసి రా పెద్దాయనా, ఏమవుతుంది?" అంది డార్లా.

"నీది పక్క ఊరు కదూ?" అన్నాను. తను మళ్ళీ అడగలేదు.

చివరి ఇన్నింగ్స్. ఇద్దరు అవుట్. ఇంకొక్కడు అవుటైతే ఆట ముగుస్తుంది. పైన జనం ఉన్నారో లేరో తెలియనంత నిశ్శబ్దం. ఫోన్‌లో అగ్గిపుల్ల తల ఒకటి చెయ్యెత్తి నుదురు తుడుచుకుంది.

అప్పుడు పైనుంచి ఒక శబ్దం వచ్చింది. కేక కాదు. ఊరంతా ఒక్కసారి ఊపిరి వదిలిన శబ్దం.

"ఏమైంది?" అంది డార్లా.

నేను ఫోన్ చూశాను. కోల్బీ బంతిని వేళ్ళ మధ్య తిప్పుకుంటున్నాడు.

"ఏం కాలేదు. వాడింకా విసరలేదు," అన్నాను.

ఆ అరనిమిషం నేను కదలలేదు.

తర్వాత ఫోన్‌లోనూ విసిరాడు. ఫోన్‌లోనూ బ్యాటర్ కొట్టిన బంతి ఎవరికీ అందకుండా గడ్డిలో పడింది. పట్టింపు తీరిపోయింది కదా, చల్లారిన హాట్‌డాగ్‌లతో మెట్లమీద పరుగెత్తాను. నేను పైకి చేరేసరికి తర్వాతి బ్యాటర్ తొలి బంతికే గాల్లోకి లేపి దొరికిపోయాడు. ఆట అయిపోయింది. మేమే గెలిచాం. పిల్లలందరూ ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు. అందులో మావాడు ఎవడో తెలియలేదు.

లొరీన్ మొహం మాత్రం గెలిచినదానిలా లేదు.

"కదిలావా?"

"లేదు. ఐస్ పెట్టె మీదే ఉన్నాను."

"నిజం చెప్పు," అన్నాడు బర్ల్.

"ఆవాల సీసా కోసం కాస్త చెయ్యి చాపాను."

వరస మొత్తం గంభీరంగా తలూపింది. విచారణ అక్కడితో ముగిసింది. నేను అప్పీలు చేసుకోలేదు.

కోల్బీ దుమ్ము దులుపుకుంటూ వచ్చాడు.

"ఎక్కడికెళ్ళిపోయావు తాతా? ప్రతి ఇన్నింగ్స్‌కీ మీ వరస వంక చూశాను. ఉత్త కుషన్ కనిపించింది."

"ఇక్కడే ఉన్నాన్రా. మొత్తం చూశాను."

"వాడు కొట్టాడే, నేను విసిరిన ఆ బంతి ఎలా వంగింది? బాగా వంగింది కదూ?"

"అద్భుతంగా వంగింది," అన్నాను.

వాడు నవ్వుకుంటూ స్కూలు బస్సెక్కాడు. వచ్చే ఏడాది పక్క రాష్ట్రం అయోవాలో కాలేజీ జట్టుకు ఆడతాడు. నా సీటు ఇప్పుడే ఖాయమైంది. బర్ల్ తన పికప్ బండిలో ఐస్ పెట్టెను తీసుకొస్తానన్నాడు. ఆవాల సీసా మాత్రం లొరీన్ దగ్గర ఉంటుంది.

కాబట్టి మళ్ళీ చెబుతున్నాను, ఆ చోటు వరమే. అందులో సందేహం లేదు. ఒక్క చిన్న మనవి మాత్రం ఉంది. శుక్రవారం సాయంత్రం పైన కూర్చున్న పాఠకులెవరైనా బజారులో కనిపిస్తే నన్ను కాస్త పక్కకు పిలవండి. ఆ బంతి ఎటువైపు వంగిందో చెప్పండి. బర్ల్ వినకుండా.