లిమరిక్‌లో ఒక పూట బ్యాంకాక్

ఆ శుక్రవారం పొద్దున కిరణ్మయి అనుకున్నది ఒక్కటే: కూతురు తన్వి బళ్ళో బజ్జీల పళ్ళెం పెట్టేసి, పదింటికల్లా ఇంటికొచ్చి పడాలి.

విజయవాడ నుంచి లిమరిక్ వచ్చి స్థిరపడ్డ సంసారం. మాంద్యం దెబ్బకు భర్త జానకిరామ్‌కు అక్కడి ఫ్యాక్టరీలో వారానికి మూడు రోజులే పని మిగిలింది. బడి ముందు పిల్లల్ని రోడ్డు దాటించే ఉద్యోగం ఖాళీ అయిందని తెలిసి, పదో తరగతి దాటని కిరణ్మయి గుండె చిక్కబట్టుకుని దరఖాస్తు పెట్టింది. ఇంతలో ప్రిన్సిపాల్ మిసెస్ హెనెసీ, "ప్రపంచ వీధుల పండగలో బ్యాంకాక్ మీదే. మీవాళ్ళు అక్కడ ఉన్నారట, తన్వి చెప్పింది" అంది. ఉన్నది పెళ్ళికి ముందు జానకిరామ్ ఒక్కడే, అదీ ఆర్నెల్లు. కాదంటే ఉద్యోగం పోతుందేమోనని కిరణ్మయి ఆ ఊరివాళ్ళలాగే "గ్రాండ్!" అని ఒప్పేసుకుంది.

"ఇప్పుడెలాగండీ?" అంది ఇంటికొచ్చి భర్తతో.

"ఏముందే! తోపుడు బళ్ళు, ఆటోలు, నూనె వాసన, జనం. మన బీసెంట్ రోడ్డే అనుకో. పక్కన కాలవ."

"కాలవ బెజవాడలోనూ ఉందిగా!"

"మరింకేం?"

తీరా శుక్రవారం బడికి వెళ్తే టీచరు పళ్ళెం చూసి, "మరి వీధి ఏది?" అంది. కిరణ్మయి బల్లకు చీర చుట్టి తోపుడు బండి చేసింది. "వాహనాలు?" అంటే పిల్లల్ని ఒకరి భుజాలొకరు పట్టుకోమని ఆటో చేసింది. పద్నాలుగు మంది ఎక్కారు. బెజవాడ లెక్కలో ఇంకా చోటుంది.

"మమ్మీ, దిస్ ఈజ్ అమ్మమ్మాస్ స్ట్రీట్!" అంది తన్వి.

"నోర్ముయ్యవే. ఇవాళ్టికి బ్యాంకాకే."

అప్పుడే మిసెస్ హెనెసీ ఒకావిడను వెంటబెట్టుకొచ్చింది. "చూడండి ఎవరొచ్చారో! ఈవిడది బ్యాంకాకే. ఇద్దరూ హాయిగా మీ భాషలో మాట్లాడుకోండి!"

ఆవిడ చేతులు జోడించి ఏదో అంది. కిరణ్మయికి పై ప్రాణాలు పైనే పోయాయి. "నూనె అయిపోయింది, ఇప్పుడే తెస్తా" అని గొణిగి, గేటు దాటి, కుడీ ఎడమా చూడకుండా చెయ్యెత్తి రోడ్డు మీదికి నడిచింది, అచ్చం బెజవాడలో నడిచినట్టే. లారీ కీచుమని ఆగింది. దాని వెనక బస్సూ ఆగింది. అవతలి గట్టెక్కి తిరిగి చూస్తే ఏముంది? బీప్ బీప్ అంటూ పద్నాలుగు మంది ఆటో మొత్తం తన వెనకే వచ్చేసింది!

మిసెస్ హెనెసీ రొప్పుతూ పరుగెత్తుకొచ్చింది. కిరణ్మయికి ఏడుపు ఆగలేదు. "నేను బ్యాంకాక్ ఎప్పుడూ చూళ్ళేదు మేడమ్. అదంతా మా విజయవాడ. ఉద్యోగం పోతుందని చెప్పలేదు."

వెనకే వచ్చిన బ్యాంకాక్ ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. "బజ్జీల సంగతేమో గానీ, రోడ్డు దాటడం మాత్రం అచ్చంగా మా ఊరే!"

మిసెస్ హెనెసీ ఆగి ఉన్న లారీ వంక చూసింది. "ఏడాదిగా ఈ లారీలు పోలీసులు చెప్పినా ఆగలేదు. సోమవారం వచ్చి చేరండి."

ఉద్యోగం కాగితంలో ఒక్క షరతు మాత్రం చేత్తో రాసి ఉంది: చెయ్యెత్తిన తరువాత, బండ్లు ఆగేదాకా ఆగవలెను.