పట్టించుకోవద్దన్న ఉత్తరం

ఆ పొద్దున మిద్దె మీద ఒడియాలు పెట్టాలని నాగేంద్రమ్మ పిండి ఉడికించి దించింది. అంతలో సెల్లు టింగుమంది. కడపలో ఒక విత్తనాల కంపెనీకి మెయిల్ సర్వరు చూసుకునే కూతురు శ్రీవాణి రాసింది. 'కొత్త సర్వరు నుంచి ఊరికే పంపిన మెయిల్. పట్టించుకోవద్దు.'

నాగేంద్రమ్మ గరిటె పక్కన పెట్టింది. చిన్నప్పుడు మేనమామ 'అందరమూ క్షేమం, కంగారు పడవద్దు' అని కార్డు రాస్తే, చదవడం పూర్తికాకముందే అమ్మ సంచి సర్దేది. అలా రాసిన ప్రతిసారీ అక్కడ ఎవరో ఒకరు మంచాన పడి ఉండేవారు.

'ఏమైందమ్మా?' అని తిరిగి రాసింది. జవాబు లేదు. ఇంకో మూడు రాసింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఇక ఆగలేక తమ్ముడు సుబ్బన్న ఇంటికి పరుగెత్తింది.

"పాప మనకు ఏందో దాస్తాండాదిరా. జీపు తీయి!"

"ఊరికే పంపినాననే రాసింది కదక్కా?"

"ఊరికే ఎవురన్నా ఉత్తరం రాస్తారంట్రా?"

ఆ మాట విన్న సుబ్బన్న పెండ్లాం గిడ్డమ్మ పక్కింట్లో చెప్పింది. ఆ కబురు వీధి చివరికి చేరేసరికి శ్రీవాణి ఆసుపత్రిలో ఉంది. కడప దారిలో వేంపల్లె దాటేసరికి జీపులో పదకొండు మంది, రెండు ఫ్లాస్కులు, ఒక దుప్పటి ఉన్నాయి.

పన్నెండుకు పావుగంట ముందు అందరూ ఆఫీసులో దిగారు. సర్వరు గదిలోంచి శ్రీవాణి నిక్షేపంగా నడిచి వచ్చింది.

"మానం తీస్తాండావమ్మా! సెల్లు లోపలికి తేనియ్యరు, బయటనే పెట్టినా. పన్నెండుకు పాత సర్వరులో ఉండేదంతా తుడిచేయాల. పొండి!"

"నాలుగు ఉత్తరాలు రాస్తే ఒగదానికీ జవాబియ్యవే?"

"నాకొగటీ రాలేదు."

"ఈ పొద్దు బయటనుంచి ఒక్క మెయిలూ లేదమ్మా, శానా నిమ్మళంగా ఉండాది," అన్నాడు పై అధికారి జ్ఞానేశ్వర్ సంతోషంగా.

"రాకుండా యాడికి పోతాయప్పా? బద్వేలులో ఇల్లు మారినప్పుడు ఈమె నాయన పోస్టాఫీసులో చెప్పేది మరిచిపోయినాడు. మూణ్ణెల్లు ఉత్తరాలన్నీ పాత ఇంటి గడపలోనే పడినాయి, మా వదిన పెండ్లి పత్రికతో సహా! నువ్వన్నా చెప్పినావా పాపా, ఇల్లు మారినామని?" అని నాగేంద్రమ్మ కూతురిని అడిగింది.

దుమ్ము పట్టిన ఆ ఉత్తరాలను ఒడిలో వేసుకుని, ఆ గడపలోనే కూర్చుని మధ్యాహ్నమంతా చదువుకున్నది నాగేంద్రమ్మకు గుర్తొచ్చింది.

శ్రీవాణికి అప్పుడు వెలిగింది. కొత్త సర్వరు చిరునామా బయటి ప్రపంచానికి తెలపనేలేదు. లోపలికి పరుగెత్తి చూస్తే, మరో అయిదు నిమిషాల్లో తుడిచేయాల్సిన పాత సర్వరులో డీలర్ల ఆర్డర్లు నాలుగు వందలు ఉన్నాయి. వాటి మధ్య, 'ఏమైందమ్మా?' అంటూ నాలుగు.

జ్ఞానేశ్వర్ తుడిచేసే పని ఆపించి, ఆ పదకొండు మందికీ టీ తెప్పించి, నాగేంద్రమ్మకు మాత్రం లేచి నిలబడి అందించాడు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి ఒడియాల పిండి గడ్డకట్టి ఉంది. దాన్ని గీకుతుండగా సెల్లు టింగుమంది. 'అంతా సర్దుకుంది. నువ్వేం కంగారు పడొద్దు.'

నాగేంద్రమ్మ చేయి కడుక్కుని, దుప్పటి మడతపెట్టి, సుబ్బన్నను కేకేసింది.