అంగారకుడి పైకప్పు

అంగారక గ్రహం పైకప్పు పూర్తి సురక్షితంగా ఉన్నదని దిగంత మైన్స్ అండ్ స్పేస్ కంపెనీ ఇందుమూలముగా ప్రజలకు తెలియజేసింది. కప్పును కర్రతో తట్టి చూశారట. ఎక్కడా గుల్ల చప్పుడు రాలేదట. కాబట్టి పాఠకులు ఆందోళన చెందనవసరం లేదు.

శ్రీరాంపూర్ రోడ్డులో ఉన్న ఈ కంపెనీకి భూమి కింద ఒక బొగ్గు గని, భూమికి అవతల ఒక బండి ఉన్నాయి. బండికి ఆరు చక్రాలు, పేరు ‘ముందడుగు’. దాన్ని నడిపే కేంద్రానికి కొత్త భవనం ఎందుకని పాత గని ఆఫీసునే ఇచ్చారు. భవనంతోపాటు అందులోని ఫారాలు, రబ్బరు స్టాంపులు, రిటైరైన గని మేనేజరు ప్రేమ్‌సాగర్ గారు కూడా సంక్రమించారు. వీటిలో దేన్నీ వృథా పోనివ్వరాదని కంపెనీ తీర్మానించింది.

బండి నడిపేది మహిమ. డ్యూటీకి రాగానే బండి పంపిన ఫొటోలు చూసి, ఎక్కడ రాళ్లున్నాయో, ఎక్కడ చక్రం దిగబడే ఇసుక ఉందో గుర్తుపెట్టి, ఆనాడు ఎన్ని మీటర్లు ఎటు కదలాలో వరసగా రాసి పంపాలి. మాట అక్కడికి చేరడానికి పావుగంట, జవాబు రావడానికి మరో పావుగంట. మొదటిరోజే బండి వెంటనే బదులివ్వలేదని ప్రేమ్‌సాగర్ గారు దానికి మెమో ఇచ్చారు. మూడు రోజుల్లో సంజాయిషీ రాకపోయేసరికి సర్వీసు పుస్తకంలో ఎర్ర సిరాతో రాశారు. అంగారకుడి మీద రోజు మన రోజుకన్నా నలభై నిమిషాలు పొడవు కనుక మహిమ డ్యూటీ కూడా రోజుకు నలభై నిమిషాలు వెనక్కి జరిగేది. ఇంత పద్ధతిగా ఆలస్యమయ్యే మనిషిని తన సర్వీసులో చూడలేదని మస్టరు గుమాస్తా హనుమండ్లు మెచ్చుకునేవాడు, మెచ్చుకుంటూనే ఆబ్సెంటు వేసేవాడు.

ఇలా అంతా సలక్షణంగా నడుస్తుండగా రక్షణ వారోత్సవాలు వచ్చాయి. గనిలోకి మనుషులు దిగేముందు వాళ్ల భద్రత చూసే సర్దారు తానే వెళ్లి, కప్పును కర్రతో తట్టి చూసి, గట్టిగా ఉంటే ‘సురక్షితం’ అని పుస్తకంలో సంతకం పెట్టాలి. ప్రాణాలు నిలిపే నియమం అది. భూమి మీద ఎంత శ్రద్ధగా పాటించామో అంగారకుడి మీద కూడా అంతే శ్రద్ధగా పాటించాలని ప్రేమ్‌సాగర్ గారు ఆదేశించి, ఆ పుస్తకం మహిమ ముందు పెట్టించారు. మహిమ మెథడిస్టు చర్చిలో ఆదివారం పిల్లలకు పాఠాలు చెప్పే అమ్మాయి. ‘పైకప్పు పరిస్థితి’ అన్న చోట ఉన్నదున్నట్టు ‘లేదు’ అని రాసింది. కప్పుకు ఆధారం లేని చోట పని ఆపాలని నియమం. కప్పే లేని చోట ఇంకెంత ఆపాలి? ఆపేశారు.

బండి అప్పుడు ఒక కొండ నీడలో ఉంది. అక్కడ చలికాలం మొదలైంది. ఇరవై మీటర్ల అవతల గట్టెక్కితే దాని సోలార్ పలకలకు ఎండ తగులుతుంది. నాలుగు రోజుల్లో ఎక్కకపోతే బ్యాటరీ గడ్డకట్టి ఇక ఎప్పటికీ లేవదు. రెండేళ్లు రాయిరాయికీ తప్పించి తెచ్చుకున్న బండి అది. మహిమకు అన్నం సహించలేదు.

వెంటనే కమిటీ వేశారు. సంఘటనా స్థలం దూరం కావడంతో కమిటీ గెస్ట్‌హౌసులోనే పరిశీలన జరిపింది. నాటుకోడి బాగుందని, అంగారకుడి మీద కప్పుకు ఊతంగా పద్నాలుగు కర్ర దిమ్మెలు నిలబెట్టాకే పని మొదలుపెట్టవచ్చని రెండు రోజుల్లో నివేదిక ఇచ్చింది. దిమ్మెలు చేరడానికి ఎనిమిది నెలలు పడుతుందని మహిమ చెబితే, రక్షణ విషయంలో తొందర పనికిరాదన్నారు.

మూడో రోజు ఆమె ప్రేమ్‌సాగర్ గారి గదిలోకి వెళ్లింది.

“అక్కడ మనుషులు లేరు సార్.”

“గందుకే ఇంక జర భద్రం ఉండాలె. మనిషి పోతే ఇంకోడు దొరుకుతడు. గా బండి పోతే మళ్లొస్తదా?” అన్నారాయన. తర్వాత గొంతు తగ్గించి, “ఎందుకమ్మా గింత పరేషాన్? సురక్షితం అని రాయి, అయిపాయె.”

“సూడకుంట ఎట్ల రాస్త సార్?”

“సూసి ఎవ్వలు రాసిండ్రు ఇన్నేండ్లు?”

ఇంత నిజాయితీగల మాట ఆ భవనంలో అంతకుముందు ఎన్నడూ వినపడలేదు.

మహిమ తండ్రి మొగిలి ఇదే కంపెనీ గనిలో కప్పుకు దిమ్మెలు నిలబెట్టే పని చేసేవాడు. ఇప్పుడు ఒక కాలు మోకాలి దాకానే ఉంది. ఆ సాయంత్రం మంచం మీద కూర్చుని కూతురు చెప్పిందంతా విన్నాడు.

“నా మీద బండ వడ్డ దినం గూడ పుస్తకంల గదే రాసుండె బిడ్డా. కర్రతోని తట్టి చూసినట్టు. రాసినోడు దిగనే లేదు.”

“మరి ఏం జెయ్యమంటవ్ బాపు?”

“ఆడ మీద వడేటందుకు ఏమన్న ఉన్నదా?”

“ఏం లేదు. ఆకాశమే.”

“అయితే రాయి. కింద మనుషులుంటే మాత్రం రాయకు.”

మర్నాడు మహిమ రాసింది. బండి కదిలింది, గట్టెక్కింది, ఎండ తగిలి బతికింది. ఆమెకు ఏడుపొచ్చింది. కేంద్రానికి ‘ఉత్తమ రక్షణ’ షీల్డు వచ్చింది. “కప్పు ఎక్కడున్నా మన చూపు అక్కడుంటుంది” అని ప్రేమ్‌సాగర్ గారు సభలో ఉపన్యసించారు. అందరం చప్పట్లు కొట్టాం.

కుర్చీలోంచి లేవకుండా అంత దూరపు కప్పు చూడగలిగిన ఉద్యోగిని సేవలు అక్కడితో ఆపరాదని కంపెనీ భావించింది. ఇక నుంచి గనిలో కప్పు పుస్తకం కూడా ఆమే రాయాలని, లోపలికి దిగే శ్రమ అక్కర్లేదని ఉత్తర్వు ఇచ్చింది. షిఫ్టుకు నూట అరవై మంది దిగే గని. మహిమ ఆ ఉత్తర్వు కిందనే ‘దిగి చూసినాకే రాస్తాను’ అని రాసి తిప్పి పంపింది.

క్రమశిక్షణా రాహిత్యం కింద ఆమెను తీసేశారు. ముందడుగు కదలక అక్కడే నిలబడి ఉంది, ఆరోగ్యంగానే ఉందని వినికిడి. గని పుస్తకం హనుమండ్లుకు అప్పగించారు. పనిమంతుడు, వచ్చే నెల ముప్పై రోజులకూ ‘సురక్షితం’ అని ఒక్కపూటలో రాసి పెట్టాడు. బొగ్గు ఆగలేదు, కరెంటూ ఆగలేదు. మీ నెత్తి మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది కదా, ఇంకేం కావాలి మనకు?