ఆకలైన లాప్‌టాప్

ఆ పొద్దున భీమేష్ సార్ వేసుకున్న పథకం ఒక్కటే. కామారెడ్డి నుంచి వచ్చే ఆఫీసర్ వెళ్లిపోయేదాకా స్టాఫ్ రూంలో కదలకుండా కూర్చోవాలి. ఎల్లారెడ్డి దగ్గరి ఆ బడికి చవక లాప్‌టాప్‌లు వచ్చినప్పటి నుంచీ ఆయనకు కంటి మీద కునుకు లేదు. ముట్టుకుంటే అవి పాడవుతాయని భయం, ముట్టుకోకపోతే పరువు పోతుందని భయం.

శ్రీలత మేడమ్ ఒకటి తెచ్చి ఆయన ముందు తెరిచి పెట్టింది. "సార్, ఏడో తరగతి పిల్లలందరు కలిసి నెట్‌ల ఒక్కటే పేజీ మీద పులి కథ రాస్తున్నరు. వాళ్లు రాసింది ఇక్కడ పడతది, మీరు రాసింది అక్కడ పడతది. జర చూస్తుండుండ్రి" అని చెప్పి ఆఫీసర్‌కు ఎదురు వెళ్లింది. భీమేష్ సార్ తలైతే ఊపాడు గానీ, దడలో ఒక్క ముక్కా చెవికెక్కలేదు.

కాసేపటికి తెర మీద అక్షరాలు వాటంతట అవే నడిచాయి. "నాకు మస్తు ఆకలైతుంది."

ఆయన గబుక్కున వైరు పీకేశాడు. లాప్‌టాప్ ఆరలేదు. "నువ్వు కనవడ్డవు. నిన్నే తింట" అని పడింది. ఒక్క వేలితో అక్షరాలు వెతుక్కుంటూ "ఎవరు నువ్వు" అని కొట్టాడు.

అవతల ఏడో తరగతిలో పిల్లలు బిగుసుకుపోయారు. ఆ మాట తమలో ఎవరూ రాయలేదు. వాళ్లలో జమున ధైర్యం చేసి "నువ్వెవరు" అని రాసింది.

"భీమేష్ సార్‌ను. పిల్లలున్నోన్ని. నన్ను ఇడిచిపెట్టు" అని జవాబు పడింది.

బెత్తం పట్టే సార్ బతిమాలడం వాళ్లు ఎన్నడూ ఎరగరు. "భీమేష్ సార్ డబ్బల ఇరికిండు" అంటూ జమున వంటగదికి ఉరికింది. అన్నం వండే శాంతవ్వకు తెలిసిన డబ్బా కరెంటుదే. "అయ్యో, సార్‌ను కరెంటు గుంజిందో" అని శోకం అందుకుంది. అది విని అటెండర్ ఆశన్న మెయిన్ ఆపేశాడు.

స్టాఫ్ రూంలో ఫ్యాన్ ఆగింది. ముసురు పట్టిన రోజు కావడంతో గదంతా చీకటి. లాప్‌టాప్ ఒక్కటే వెలుగుతోంది. బయట ఏడుపులు. అది ఎవరినో తినేసి ఇటే వస్తోందని భీమేష్ సార్‌కు రూఢి అయిపోయింది. తలుపు గడియ పెట్టి బీరువా వెనక దూరాడు.

అంతలో తలుపు మీద దబదబ చప్పుడు. "సార్, తలుపు తియ్యిండ్రి" అంది శ్రీలత.

"ముందు ఆకలైతుందో లేదో చెప్పు" అన్నాడు లోపలి నుంచి.

ఆమె పక్కనున్న ఆఫీసర్ నిజాయితీపరుడు. "అయితుంది. పొద్దటి సంది ఏం తినలే" అన్నాడు.

లోపల ఏదో దభీమని పడింది. ఆశన్న భుజంతో తోస్తే గడియ ఊడింది. బీరువా మూల నుంచి భీమేష్ సార్‌ను లేపి కూర్చోబెట్టారు. ఆఫీసర్ తెర మీది మాటలు మొదటి నుంచీ చదివాడు, మళ్లీ చదివాడు.

"పులి మాటలు పిల్లలవి, చిక్కినోని మాటలు మీవి. దూరం కూసొని పిల్లలతోటి నాటకం రాయించిండ్రు. చీకటి చేసి ఆడి సుత చూపిచ్చిండ్రు. గిట్ల ఏ బడిలనూ చూడలే" అన్నాడు. "వచ్చే వారం కామారెడ్డిల ట్రైనింగ్. దోమకొండ, పిట్లం టీచర్లందరు వస్తరు. లాప్‌టాప్ పాఠం మీరే చెప్పాలె."

భీమేష్ సార్ చేతులు వాటంతట అవే జోడయ్యాయి.

ఇంత వినయం గల మాస్టారిని తన సర్వీసులో చూడలేదని ఆఫీసర్ రిపోర్టులో రాసుకున్నాడు.