తెరమీది గట్టు

అరటితోటలన్నీ కొట్టుకుపోయిన పెద్ద వరదకు మరుసటి ఏడు, అమలాపురంలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ గోదావరిని తయారుచేసింది. నీరు ఎలా సుడి తిరగాలో, గోడ ఎలా కూలాలో కంప్యూటర్లో లెక్కకట్టి సినిమాలకూ వీడియో గేములకూ అమ్మడం ఆ కంపెనీ వ్యాపారం. అసలు గోదావరి పక్కనే ఉన్నా, అది చెప్పినమాట వినదు గనుక కొత్తది అవసరమైంది.

ఒక సినిమా వరదకు కొత్తపేట దగ్గర ఏటి మధ్యనున్న ఒక లంకను ఎంచుకున్నారు. పెద్ద వరదనాడు ఆ లంక గట్టుకు పడ్డ గండి అలాగే ఉంది. గండికెదురుగా పోలయ్య పాక, పాకలో గేదె. కథానాయిక గట్టుమీద పాట పాడాలి కనుక తెరమీద గండి పూడ్చేశారు.

ఈ ప్రగతికి ముగ్ధులైన గట్ల అధికారి ప్రభాకరరావుగారు లంకలో తెర కట్టించి, ఆ సినిమా వరద చూపించి సభ పెట్టారు. అప్పటికే ఏట్లో కొత్త వరద ఎర్రనీరు దిగింది.

"చూసేరుగా! ఎంత వరదొచ్చినా మన గట్టు చెక్కుచెదర్లేదు. గండి అన్నమాట ఇక ఈ లంకలో వినబడరాదు!" అన్నారు అధికారిగారు.

కంపెనీ యజమాని ప్రవీణ్ కుమార్ మైకు అందుకున్నాడు. "ఇంకేమైనా మార్చమంటారాండి?"

లంకవాళ్ళలోంచి అమ్మాజీ లేచింది. "మా పెంకుటిల్లుని మేడ చేసెయ్యండి బాబూ. మా తోడికోడలు చూడాలి."

తెరమీద మేడ లేచింది.

"మా కొబ్బరిచెట్లకి గెలలు వేయించండి," అన్నాడు కొండబాబు. "పక్కోడికి మాత్రం వద్దండోయ్!"

పోలయ్య గండి సంగతి అడగాలనే వచ్చాడు. ఇంత శుభం జరుగుతుండగా ఆ మాట ఎత్తడం మర్యాద కాదనిపించింది.

"మా గేదె బక్కదండి. కాస్త ఒళ్ళు చేయించండి."

గేదె నిగనిగలాడింది. అందరికంటే గట్టిగా పోలయ్యే చప్పట్లు కొట్టాడు. ఇంటికెళ్తూ, వరద పెరుగుతోందో తీస్తోందో చూసుకోడానికి లంకవాళ్ళు ఎప్పుడూ చేసినట్టే, నీటి అంచున ఒక పుల్ల గుచ్చాడు.

మర్నాడు పొద్దున్నకి పుల్ల లేదు. పాకలో మోకాటిలోతు నీళ్ళు. పోలయ్య గేదెను పడవలో ఏరు దాటించి, వ్యానెక్కించి అమలాపురం తీసుకెళ్ళి, కంపెనీ గేటుకు కట్టేశాడు.

"ఇదేంటండీ?" అన్నాడు ప్రవీణ్ కుమార్.

"తెరలోదాన్ని బాగానే మేపేరు కదండీ. దీన్నీ లోపలే కట్టెయ్యండి. అక్కడైతే గండి లేదు."

ఇంతలో ఆటో దిగి, నెత్తిన మూటతో అమ్మాజీ తోసుకుంటూ వచ్చింది. "బాబూ, మా మేడ తాళాలివ్వండి!"

పోలయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"వరసలో రావమ్మా. ముందొచ్చింది మా గేదె."