మావాడి పన్నెండు బార్లు

“వీడికేదో ముంచుకొస్తోంది” అని పైకే అనేశాను. అప్పటికింకా ఏమీ జరగలేదు. మావాడు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, గీతల కాగితం మీద చుక్కలు పెడుతున్నాడు, అంతే. కానీ ఏదైనా జరిగాక భయపడే రకం తల్లిని కాదు నేను. ముందే భయపడి పెట్టుకుంటాను. తర్వాత తీరిక దొరకదు కదా!

ఇప్పుడు చెబుతున్నాను, వినండి. ఇంటికొకరు నాలుగు వాయిద్యాలకు సంగీతం కట్టడం నేర్చుకోవాలి. అంతకు మించిన అదృష్టం లేదు. నవ్వుతున్నారా? నవ్వండి. మీ ఇంట్లో టీవీ తప్ప ఏముంది?

మావాడి ఉద్యోగం కట్టుడు పళ్ళు తయారుచేయడం. పగలంతా డాక్టర్లు పంపిన అచ్చుల్లో మైనం దిద్ది, జనం నోళ్ళకు పళ్ళు అమరుస్తాడు. సాయంత్రం ఇంటికొచ్చి తన నోరు మాత్రం తెరవడు. ఆ తీరికలో పట్టుకున్న సరదా ఇది. రెండు వయొలిన్లు, వాటికి అక్కలాంటి బొంగురు గొంతు వయోలా, మనిషంత ఎత్తు చెల్లో. నాలుగూ కబుర్లు చెప్పుకున్నట్టు వాయించాలట. ఎవరెప్పుడు ఏమనాలో మావాడు రాస్తాడట!

మొదటి లాభం, గుండెకు వ్యాయామం. ఒకరోజు తలుపవతల దుప్పట్లు మడతపెడుతున్నాను. వాడు ఫోన్లో ఎవరికో చెబుతున్నాడు: “మైనర్‌తోనే మొదలుపెట్టాను. పన్నెండు బార్లు అయ్యాక బి ఫ్లాట్‌కి తీసుకెళ్తా.”

చేతిలో దుప్పటి జారిపోయింది. మైనరు! ఒకటి చాలక పన్నెండు బార్లు! ఆపైన ఫ్లాటు! చదివింది ఏడో తరగతే అయినా, ఇందులో అర్థం కానిదేముంది? వాడి చొక్కాలన్నీ వాసన చూశాను. ప్లాస్టర్ వాసన తప్ప ఏమీ లేదు. ఆనవాలు కూడా మిగల్చడం లేదంటే ఎంత ఆరితేరాడో అని ఇంకా హడలిపోయాను. చివరికి, ఎవరి పిల్లాణ్ణి బార్ల వెంట తిప్పుతున్నావురా అని అడిగేశాను. వాడు కాగితం నా ముందు పెట్టి, బార్ అంటే సంగీతంలో ఒక గడి అని, మైనర్ అంటే దిగులుగా వినిపించే వరస అని, ఫ్లాట్ అంటే కాస్త కిందికి దించిన స్వరమని, అందులో ఎవరూ కాపురం ఉండరని వేలితో చూపిస్తూ చెప్పాడు. ఇంత వ్యాయామం ఏ జిమ్‌లో దొరుకుతుంది?

చుట్టాల బెడదా తీరింది. మా తమ్ముడు వచ్చాడంటే వారం దాకా కదలడు. ఈసారి కంప్యూటర్‌లో వయొలిన్ ఒకే ముక్కను పట్టుకుని సాగదీస్తుంటే, మర్నాడు పొద్దున్నే ఆఫీసులో ఆడిట్ ఉందంటూ సంచి సర్దుకున్నాడు. వాడు రిటైరై రెండేళ్ళయింది!

అసలు లాభం వేరే ఉంది. ఇంట్లో గొడవల్లేవు. ఇదివరకు చెప్పులు విప్పకముందే గుమ్మంలోంచి “ఏం కూర?” అనేవాడు. చెబితే మొహం ముడిచేవాడు. నేనొకటంటే వాడు రెండనేవాడు. ఇప్పుడా రభసే లేదు. “తిన్నావా?” అంటే పలకడు. మళ్ళీ “తిన్నావా?” అంటే ఆగమని వేలెత్తుతాడు. లెక్కపెట్టుకుంటున్నాడట! సంగీతంలో మౌనాన్ని కూడా రాయాలట. ఎంతసేపు ఊరుకోవాలో దానికో గుర్తుందట. మామూలు కొడుకులు పద్ధతీ పాడూ లేకుండా మాట్లాడటం మానేస్తారు. మావాడు తాళం ప్రకారం మానేశాడు. తేడా లేదూ?

పోయిన ఆదివారం వాయించేవాళ్ళు ఇంటికే వచ్చారు. చెల్లో పెట్టె మెట్లెక్కుతుంటే, ఎవరు పోయారోనని ఎదురింటావిడ తలుపు తీసి నిలబడింది. నేనూ ఒక్క క్షణం ఇంట్లోవాళ్ళను లెక్కపెట్టుకున్నాను. భోజనాల బల్ల గోడకు జరిపి నలుగురూ కూర్చున్నారు. మావాడు కిటికీ పక్కన గోళ్ళు కొరుక్కుంటున్నాడు. పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

మొదలైంది. వయొలిన్లు రెండూ తమలో తాము గుసగుసలాడుకుంటున్నాయి. చెల్లో తన మానాన తను నడుస్తోంది. మధ్యలో వయోలా, దాన్ని వాయిస్తున్నది కారు డ్రైవింగ్ నేర్పే ఆవిడ, మూడే మూడు స్వరాలు పలుకుతుంది, ఆగుతుంది. మళ్ళీ అవే మూడు. చివర్లో కాస్త పైకి లేస్తుంది. మిగతావాళ్ళు ఒక్కరూ పట్టించుకోరు. ఆ గొంతు ఎక్కడో విన్నట్టే ఉంది. వినగా వినగా తెలిసింది. తి... న్నా... వా.

నేనే! ఇంత బొంగురుగా ఉంటానా?

పాపం, అది అడుగుతూనే ఉంది. ఒకసారి గట్టిగా, ఒకసారి తలుపు చాటునుంచి అడిగినట్టు మెల్లగా. ఉన్నట్టుండి నలుగురూ ఆగిపోయారు. తీగల మీద లాగే కమాన్లు గాల్లోనే నిలిచాయి. అది రాసిపెట్టిన మౌనమని నాకెవరు చెప్పారు? ఎంతకీ ఎవరూ కదలరు. ఇక నావల్ల కాలేదు.

“ఇందాకట్నుంచీ అడుగుతోంది. ఎవరో ఒకరు పలకండయ్యా” అన్నాను.

అయిపోయింది. వాడు ఇన్నాళ్ళూ కట్టిందంతా ఒక్క మాటతో కూల్చాను. నలుగురూ మావాడి వైపు చూశారు. వాడు నేల వైపు చూశాడు. ఇక ఈ జన్మలో నాతో మాట్లాడడనుకున్నాను. అంటే, నిన్నటిదాకా ఏదో తెగ మాట్లాడినట్టు!

మీరే చెప్పండి. కొడుకు నోరు తెరిపించాలంటే మీ ఇళ్ళల్లో ఏం ఏర్పాటుంది? మాకు రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో ఉన్నాయి.

వాడు తలెత్తాడు.

“తినలేదమ్మా” అన్నాడు. “ఏం కూర?”